బండి నాదే, నడిపింది ఎవరు?

పాఠకుల ప్రశ్నలు – నిపుణుల జవాబులు

ప్రశ్న: కారు నా పేరు మీద ఉంది. పోయిన నెల అనంతపురంలో రిసెప్షన్‌కు కర్నూలు నుంచి ఐదుగురం పోయాం. నేను, తమ్ముడు, బామ్మర్ది మార్చుకుంటూ నడిపాం. టీకి డోన్‌లో, భోజనానికి గుత్తిలో ఆగాం. పగలు 11.48కి ప్యాపిలి దగ్గర అతివేగమని చలాన్ వచ్చింది. ఎవరు ఎక్కడ సీటు మారామో ముగ్గురికీ గుర్తు లేదు. డ్రైవర్ పేరు, లైసెన్సు నంబరు రాసివ్వమని పోలీసులు అడుగుతున్నారు. బామ్మర్ది టాక్సీ నడిపి బతుకుతున్నాడు. తమ్ముడేమో ‘నా పేరు రాసెయ్ అన్నా’ అంటున్నాడు. రాయమంటారా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: వద్దు. మీ తమ్ముడి మంచితనం మంచిదే గానీ మీ సంతకం కింద అది అబద్ధమవుతుంది.

మోటారు వాహనాల చట్టం 133వ సెక్షన్ ప్రకారం, అధికారం ఉన్న పోలీసు అధికారి అడిగితే డ్రైవర్ వివరాలు చెప్పాల్సింది యజమానే. ఎంతవరకు? తనకు తెలిసినంత, లేదా తగిన శ్రద్ధ పెట్టి కనుక్కోగలిగినంత. తెలిసీ దాచినా, అబద్ధమని తెలిసీ చెప్పినా 179వ సెక్షన్ కింద నెల దాకా జైలు, లేదా 2,000 దాకా జరిమానా, లేదా రెండూ. కారు అతివేగానికి 183వ సెక్షన్‌లో ఉన్న జరిమానా 1,000 నుంచి 2,000. ఏది బరువో చూసుకోండి.

ముందు చలాన్ అసలుదో కాదో తేల్చుకోండి. మెసేజ్‌లో వచ్చిన లింకు నొక్కొద్దు. వాట్సాప్‌లో ‘ఆర్టీవో చలాన్’ పేరుతో వచ్చే ఏపీకే (యాప్ ఎక్కించే) ఫైలైతే అసలే తెరవొద్దు, అది ఫోన్‌ను దోచే సరుకు. పరివాహన్ ఈ-చలాన్ సైట్‌కు మీరే వెళ్లి, బండి నంబరూ ఛాసిస్ లేదా ఇంజన్ నంబరు చివరి ఐదు అంకెలూ కొట్టి చూడండి.

తర్వాత ఫోటో పెద్దది చేసి చూడండి. కారు మోడలు, రంగు మీవేనా? 8, బి ఒకదానికొకటి కలిసిపోతాయి, 0, డి కూడా అంతే. ఒకప్పుడు ఏపీ 21 అంటే కర్నూలని, ఏపీ 02 అంటే అనంతపురమని చూడగానే తెలిసేది. 2019 నుంచి రాష్ట్రమంతా ఏపీ 39 అయ్యాక ఒక అక్షరం తేడాతో ఎక్కడి బండో మీ నెత్తికి చుట్టుకోవచ్చు. ఫోటోలో పక్కనే లారీ ఉంటే వేగం కొలిచే గన్ గురి ఎవరి మీద ఉందో గమనించండి. రాడార్ కిరణం వెడల్పుగా పోతుంది కాబట్టి పెద్ద బండి వేగం చిన్నదానికి అంటుకునే వీలుంది. లేజర్ గన్‌తో ఆ బెడద తక్కువ. ‘గన్ పక్కనుంచి కోణంలో పట్టారు, అందుకే ఎక్కువ చూపింది’ అనే వాదన మాత్రం తీసుకుపోవద్దు. కోణం పెరిగేకొద్దీ గన్ చూపేది అసలు వేగం కంటే తక్కువే.

కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 2021లో చేర్చిన 167ఎ ప్రకారం, యంత్రం పట్టిన నేరానికి 15 రోజుల్లోగా నోటీసు పంపాలి. నంబరు కనిపించే స్పష్టమైన ఫోటో, యంత్రం కొలిచిన వేగం, తేదీ, సమయం, చోటు, ఏ సెక్షనో అందులో ఉండాలి. లేనిది ఏదో రాతపూర్వకంగా అడగండి. ముందు నుంచి తీసిన ఫోటో ఉంటే అద్దంలోంచి మనిషి ఆకారమైనా దొరకొచ్చు. వెనక నుంచి తీసిందైతే ఆ ఆశ వదులుకోండి.

ఇక అసలు పని. మీ ముగ్గురి జ్ఞాపకాన్ని కాదు, గడియారాన్ని అడగండి. ప్యాపిలి డోన్‌కూ గుత్తికీ మధ్యలో ఉంది. కాబట్టి తేలాల్సిన ప్రశ్న ఒక్కటే: డోన్‌లో టీ తాగి లేచాక స్టీరింగ్ ముందు కూర్చున్నది ఎవరు? కర్నూలు నుంచి డోన్ దాకా నడిపిందెవరన్నది దీనికి అక్కర్లేదు. ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ తీయండి. డోన్‌కు ముందు అమకతాడు, గుత్తి దాటాక కాసేపల్లి టోల్‌గేట్లు తగులుతాయి. మెసేజ్ వచ్చిన సమయం నమ్మొద్దు, ఒక్కోసారి గంటల తర్వాత వస్తుంది. స్టేట్‌మెంట్‌లో టోల్ దాటిన సమయం వేరేగా ఉంటుంది, అది రాసుకోండి. డోన్ టీకొట్లో ఫోన్‌పే చేసి ఉంటే ఆ నిమిషం దొరుకుతుంది. తర్వాత ముగ్గురి ఫోన్లూ పక్కపక్కన పెట్టి 11.30 నుంచి 12 దాకా కాల్ లిస్టు, వాట్సాప్, తీసిన ఫోటోలు చూడండి. 11.45కి టైపు చేస్తున్నవాడు, కిటికీలోంచి ఫోటో తీసినవాడు నడపలేదని గట్టిగానే అనుకోవచ్చు. కాల్ ఒక్కటే సాక్ష్యం కాదు, బ్లూటూత్‌లో డ్రైవరూ మాట్లాడతాడు. వెనక కూర్చున్న ఇద్దరినీ విడివిడిగా అడగండి. అందరూ ఒకచోట చేరితే పెద్దగొంతు వాడి మాటే నిలబడుతుంది.

ఇంతచేసీ తేలకపోతే ఉన్నదున్నట్టు రాయండి: ‘ఈ ప్రయాణంలో కారు నడిపినవారు ముగ్గురు. పేర్లు, చిరునామాలు, లైసెన్సు నంబర్లు ఇవి. డోన్ నుంచి గుత్తి మధ్య నడిపింది ఎవరో తేల్చడానికి ఫాస్టాగ్ స్టేట్‌మెంట్, యూపీఐ చెల్లింపులు, కాల్ రికార్డులు చూశాను, తోటి ప్రయాణికులను అడిగాను. అయినా నిర్ధారణ కాలేదు. స్పష్టమైన ఫోటో ఇస్తే మళ్లీ ప్రయత్నిస్తాను.’ ఒట్టి ‘తెలియదు’ తప్పించుకున్నట్టుంటుంది. వెతికిన దారి చూపిన ‘తెలియదు’కు విలువుంది. స్టేట్‌మెంట్ల ప్రింట్లు జతచేసి, ముద్ర వేసిన నకలు దగ్గర పెట్టుకోండి.

‘ఇన్ని తిప్పలెందుకు, కట్టేస్తే పోలా?’ అంటారు. మొదటి చలానై, ఫోటోలో ఉన్నది మీ కారేనని మీకే నమ్మకముంటే, యజమానిగా మీరు కట్టేయడం చాలా ఇళ్లలో జరిగేదే, అందులో తప్పు లేదు. కానీ కట్టాక వాదనకు చోటుండదు. పైగా రెండోసారి పట్టుబడితే లైసెన్సు స్వాధీనం చేసుకుని చర్యకు పంపొచ్చు. టాక్సీ లైసెన్సుతో బతికే బామ్మర్ది పేరు రుజువు లేకుండా రాయకూడదనేది అందుకే. రుజువు అతనివైపే చూపితే మాత్రం దాచకూడదు.

ప్రశ్న: మూడు కార్లు, ఐదుగురు డ్రైవర్లతో ట్రావెల్స్ నడుపుతున్నాను. రాయచోటి రోడ్డులో చలాన్ పడింది. ఐదుగురూ ‘నేను కాదు సార్’ అంటున్నారు. నాకు తెలియదని రాయొచ్చా?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: కుటుంబానికి చెల్లే ‘తెలియదు’ వ్యాపారానికి అంత తేలిగ్గా చెల్లదు. జీతమిచ్చి నడిపించేవారు ఎవరి చేతికి తాళం ఇచ్చారో రాసుకోవాలనే ఎవరైనా అంటారు. 183వ సెక్షన్ తన కింద పనిచేసేవారిచేత అతివేగంగా నడిపించిన యజమానినీ వదలదు.

ఈసారికి జీపీఎస్ రికార్డు, బుకింగ్ ఫోన్లు, డీజిల్ బిల్లు మీద సంతకం చూడండి. దిగిన కస్టమర్‌ను అడిగితే డ్రైవర్ పేరు చెప్పేస్తారు, ఈ దారి చాలామందికి తట్టదు. జీపీఎస్ డేటా ఈరోజే దించుకోండి, పాతది చెరిగిపోయే ప్రమాదముంది. రేపటి నుంచి ట్రిప్ షీటు పెట్టండి: బండి నంబరు, డ్రైవర్ పేరు, తాళం తీసుకున్న సమయం, మీటరు రీడింగు, దారిలో మనిషి మారితే ఎక్కడ, ఎన్నింటికి, తిరిగిచ్చాక సంతకం. చలాన్ సొమ్ము ఐదుగురి జీతాల్లోనూ సమానంగా కోస్తే ఇంకోసారి ఎవరూ నిజం చెప్పరు.

ప్రశ్న: చలాన్ పడిన ఆ సాయంత్రం కారు నేను తీశానో, పదిహేడేళ్ల మా అబ్బాయి తీశాడో నిజంగా గుర్తులేదు. నా పేరే రాసేస్తే గొడవ ఉండదు కదా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: ఏదీ రాసివ్వకముందే న్యాయవాదిని కలవండి. మైనర్ నడిపితే 199ఎ సెక్షన్ సంరక్షకులనూ యజమానినీ దోషులుగా చూస్తుంది: మూడేళ్ల దాకా జైలు, 25,000 జరిమానా, 12 నెలలు రిజిస్ట్రేషన్ రద్దు. అబ్బాయికి పాతికేళ్లు నిండేదాకా లైసెన్సు రాదు. మీకు తెలియకుండా తీశాడని గానీ, జాగ్రత్త పడ్డా జరిగిందని గానీ రుజువు చేయగలిగితేనే మినహాయింపు. ఫీజు భారమనుకుంటే న్యాయసేవాధికార సంస్థ 15100 నంబరుకు ఫోన్ చేయండి. ఈలోగా తాళం మీ దగ్గరే ఉంచుకోండి.