గడప దాటాల్సింది కోడలు కాదు

పాలకొల్లు దగ్గరి పల్లె నుంచి ఒక తల్లి రాశారు. వయసు 58. భర్త పోయి ఆరేళ్లు. ఒక్కడే కొడుకు, 33 ఏళ్లు, రొయ్యల చెరువులు కౌలుకి చేస్తాడు. కోడలు వశిష్ఠ గోదావరి అవతలి ఒడ్డు పిల్ల, కోనసీమ. నాలుగేళ్ల మనవరాలు. ఇల్లు ఈవిడ పేరునే ఉంది. "రెండుసార్లు గొడవలైతే పెద్దల్లో పెట్టి సర్దాం. ఈసారి మావాడు చెయ్యి జారాడు, కోడలి చెవి దెబ్బతింది. నలభై రోజులై పుట్టింట్లో ఉంది. మావాడి మనసు వెన్న. చెరువు పోయిన బాధలో ఉన్నాడు, అప్పుడప్పుడూ తాగుతున్నాడు. తనూ మాటకి మాట అంటుంది. నలుగురు పెద్దల్ని తీసుకెళ్లి సంక్రాంతి లోపు తెచ్చుకుందామని. కోడలితో ఎలా మాట్లాడితే వస్తుంది? మందు మానిపించే పొడి ఏదో ఉందట, అన్నంలో కలపొచ్చా?"

అమ్మా,

పొడి సంగతి ముందు తేల్చేద్దాం. కలపొద్దు. తెలియకుండా ఆ పొడి కడుపులోకి పోయినవాడు పైన తాగితే వాంతులు, గుండెదడ, బీపీ పడిపోవడం. ప్రాణం మీదకి వస్తుంది. మానాలని అతనికే ఉంటే సర్కారు ఆసుపత్రిలో మానసిక వైద్యుణ్ణి కలవాలి, 14416కి ఫోను చేసినా దారి చెబుతారు. రోజూ తాగేవాడు ఒక్కసారిగా మానేస్తే వణుకు, ఫిట్సు రావచ్చు కాబట్టి మానడం కూడా డాక్టరు చూస్తుండగానే. అయితే తాగుడు మానిన ప్రతివాడూ కొట్టడం మానడు. రెండిటినీ ఒకే గాటన కట్టకండి.

ఇక కోడలితో ఎలా మాట్లాడాలన్న ప్రశ్న. దానికి నేను జవాబు చెప్పను. మీ మూడు పేజీల ఉత్తరంలో కోడలి నోటి గురించి పేజీన్నర ఉంది. కొడుకుతో మీరేమన్నారో ఒక్క ముక్క లేదు. రెండో పేజీ అడుగున ఒక వాక్యం రాసి గీతలు పెట్టి కొట్టేశారు. అయినా చదవడానికి వస్తోంది: "మొన్న నా మీదకీ కంచం విసిరాడు." ఆ కొట్టేసిన వాక్యమే మీ అసలు ఉత్తరం.

చెయ్యి జారితే గ్లాసు పగులుతుందమ్మా, కర్ణభేరి పగలదు. అరచెయ్యి చాచి చెవి మీద కొడితే, లోపలికి ఒక్కసారిగా నొక్కుకున్న గాలికి ఆ పొర చిరుగుతుంది. రొయ్యకి తెల్లమచ్చ తెగులు తగిలి చెరువు పోయినప్పుడు మేత డీలరుకి ఎంత బాకీ ఉండి ఉంటాడో నేను ఊహించగలను. ఆ డీలరు ముందు చేతులు కట్టుకుని "అండీ" అనే కదా నిలబడ్డాడు? కిలోకి కౌంటు పెరిగిందని, అంటే రొయ్య చిన్నదని, రేటు కోసేసిన కొనుగోలుదారు చొక్కా పట్టుకున్నాడా? లేదు. బాధ పొద్దుట్నుంచీ ఉంది, చెయ్యి మాత్రం సాయంత్రం ఇంటికొచ్చాకే లేచింది. అంటే అదుపు ఉంది, ఎక్కడ వదిలేస్తే అడిగేవాళ్లుండరో కూడా తెలుసు. ఆ ఇంట్లో అడగాల్సిన మనిషి మీరు. అడగలేదు గనకనే కంచం మీదాకా వచ్చింది. ఇక మాటకి మాట అంటారా, అనదూ మరి? చదువుకున్న పిల్ల.

మూడోసారి పెద్దల్ని తీసుకెళ్తానంటున్నారు. మన వైపు ఈ తగువులు జరిగే తీరు మీకు నేను చెప్పక్కర్లేదు. రామాలయం అరుగు మీదో, ఎవరి వరండాలోనో ప్లాస్టిక్ కుర్చీలు. పదిమంది మగాళ్లు. పిల్ల తలుపు వారన. మొగుడు వింటుండగా "ఏం జరిగిందో చెప్పమ్మా" అంటారు. ఏం చెబుతుంది? రాత్రికి వెళ్లాల్సింది అతనితోనే. సగం మింగి సగం చెబుతుంది. "నువ్వు నోరు తగ్గించుకో, నువ్వు చెయ్యి తగ్గించుకో" అని తప్పు చెరో సగం పంచి, స్టాంపు కాగితం మీద "ఇకపై ఇద్దరం సఖ్యతగా ఉంటాం" అని సంతకాలు పెట్టించి, కాగితం పెద్దమనిషి బీరువాలో పెడతారు. పదిహేను రోజుల తర్వాత వెళ్లి చూసేవాడు ఉండడు. ఇంటి గుట్టు రచ్చకెక్కించిందన్న కోపంతో ఆ వారంలోనే ఇంకో దెబ్బ. నోటినీ చేతినీ ఒకే తూకంలో వేసినప్పుడే ఆ తగువు చెడిపోయింది. ఆ కుర్చీల్లో మీవాడికి అప్పిచ్చినవాడో, చెరువు కౌలుకిచ్చినవాడో కూర్చుంటే ఇంక చెప్పేదేముంది.

సరైన కౌన్సెలింగ్ వేరేగా ఉంటుంది. 2005 గృహహింస చట్టం కింద 2006లో వచ్చిన నిబంధనలు ఈ విషయంలో మన పెద్దమనుషుల కంటే నయం. కౌన్సెలింగ్ చేసేవాళ్లు రెండు వైపులా చుట్టాలు కాకూడదు, ఆ గొడవలో లాభం ఉన్నవాళ్లు కాకూడదు. ఇక కొట్టనని భర్త ముందుగా హామీ ఇవ్వాలి. అన్నిటికంటే ముఖ్యం, ఫలానా కారణానికి కొట్టానని సమర్థించుకోవడం అక్కడ కుదరదు, ఆ మాట మొదలెట్టకముందే అతనికి చెప్పాలి. "మాటకి మాట అంటుంది", "చెరువు పోయింది" అన్నవి అక్కడ చెల్లవు. రాజీ కావాలో వద్దో ఆ అమ్మాయి ఇష్టం. వద్దంటే రాజీకి తొయ్యడానికి వీల్లేదు.

ఊళ్లో డ్వాక్రా లీడర్లో, సచివాలయం మహిళా పోలీసో, చర్చి వాళ్లో ఎవరు పూనుకున్నా ఈ పద్ధతే పట్టాలి. ముందు అమ్మాయితో ఒంటరిగా, వేరే రోజున. అడగాల్సిన మొదటి ప్రశ్న "ఎన్నిసార్లు కొట్టాడు" అని కాదు. "ఎప్పుడైనా గొంతు నొక్కాడా? కత్తో కట్టో చూపించాడా? చంపుతానన్నాడా? పిల్ల ఎదురుగా కొట్టాడా?" ఇందులో గొంతు నొక్కడం అన్నిటికంటే చెడ్డది. పైకి మచ్చ ఉండకపోవచ్చు, కానీ గొంతు బొంగురుపోవడం, మింగుడు పడకపోవడం తర్వాత బయటపడతాయి. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఒకసారి గొంతు నొక్కినవాడు ఇంకోసారి ప్రాణం తీసే ప్రమాదం ఎక్కువ. అలాంటి ఇంటికి రాజీ మాట ఎత్తకూడదు, అంతే.

హామీ కాగితం రాయిస్తే "సఖ్యత" అన్న మాట పనికిరాదు. కొట్టను, తాగి ఆమె గదిలోకి వెళ్లను, ఆమె ఫోను లాక్కోను, తాకట్టు పెట్టిన ఆమె బంగారం ఫలానా తేదీకి విడిపిస్తాను అని విడివిడిగా ఉండాలి. ఒక కాపీ అమ్మాయి దగ్గర ఉండాలి. వారానికి రెండుసార్లు, మొగుడు ఇంట్లో లేని వేళ చూసి ఒక ఆడమనిషి ఫోను చెయ్యాలి. పక్కన అతనుంటే చెప్పడానికి ఓ మాట ముందే అనుకోవాలి: "పాలవాడు ఇంకా రాలేదు" అంటే మనిషిని పంపమని. మాట తప్పినరోజు మళ్లీ కూర్చోవడాలు లేవు, పోలీసులకి, 112కే ఫోను.

ఇప్పుడు ఇల్లు. "ఇల్లు నా పేరున ఉంది, కోడలికి హక్కేముంది" అని పెద్దల్లో ఎవరో అన్నారని రాశారు. తప్పు చెప్పారు. అత్తగారి పేరున ఉన్నా, మామగారి పేరున ఉన్నా, కాపరం చేసిన ఇంట్లో కోడలికి ఉండే హక్కు ఉందని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. మీకు పనికొచ్చేది ఇంకొకటుంది. గృహహింస చట్టం 19వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు భర్తని ఇల్లు ఖాళీ చేసి వెళ్లమనవచ్చు. ఆడమనిషిని మాత్రం అలా పంపడానికి లేదు. అంటే కోడలూ మనవరాలూ మీరూ ఆ ఇంట్లో ఉండి, మీవాడు బయట ఉండే ఏర్పాటుని చట్టమే ఒప్పుకుంటోంది. కోర్టుదాకా ఎందుకు, ఇల్లు మీది. చెరువు గట్టు మీద కాపలా షెడ్డు ఉంటుంది కదా, మంచమూ ఫ్యానూ వేసి. మూడు నెలలు అక్కడ పడుకోమనండి.

"కేసు పెడితే అందరం జైలుకే" అని భయపడుతున్నారు. ఈ చట్టం కింద ముందు వచ్చేవి జైళ్లు కావు, ఉత్తర్వులు: కొట్టొద్దని, ఇంట్లో ఉండనివ్వమని, ఖర్చులివ్వమని, పిల్ల తల్లి దగ్గర ఉండాలని. రక్షణ ఉత్తర్వు మీరితేనే ఏడాది వరకు జైలు, లేదా 20,000 వరకు జరిమానా, లేదా రెండూ. మొదటి వాయిదా మామూలుగా మూడు రోజుల్లో వెయ్యాలి, అక్కణ్ణుంచి 60 రోజుల్లో తేల్చడానికి చూడాలి అని చట్టంలో ఉంది. అలా జరగదు, ఆలస్యమవుతుంది. అందుకే దరఖాస్తుతోపాటే, కేసు తేలేదాకా పనిచేసే మధ్యంతర ఉత్తర్వు అడగాలి. అమ్మాయి ఇప్పుడు ఏ ఊళ్లో తలదాచుకుంటే ఆ ఊరి కోర్టులోనే వేసుకోవచ్చు, కాబట్టి ఏరు దాటాల్సింది మీవాడే. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోను చేస్తే, ఈ చట్టం కింద జిల్లాలో ఉండే రక్షణాధికారికో, బాధిత ఆడవాళ్లకి సాయం ఒకేచోట దొరికే వన్ స్టాప్ సెంటరుకో కలుపుతారు. రక్షణాధికారి గృహహింస రిపోర్టు రాస్తారు, అది లేకపోయినా నేరుగా మేజిస్ట్రేటుకి పెట్టుకోవచ్చు. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా లాయరుని ఉచితంగా ఇస్తారు, ఫోను నంబరు 15100. ఇంకో మాట, ఈ చట్టం కింద అత్తగార్లనీ ప్రతివాదులుగా చేర్చవచ్చు. బెదిరించడానికి కాదు, మీరు ఏ పక్క నిలబడతారో మీ కోడలూ చూస్తోందని చెబుతున్నా.

ఆసుపత్రిలో "రేవు మెట్ల మీద జారింది" అని మీరే చెప్పారని రాశారు. ఆ చీటీ ఇప్పుడు ఆ పిల్లకి అడ్డం. వెనక్కి తీసుకోలేరు కానీ సరిదిద్దగలరు. ఈఎన్‌టీ డాక్టరుకి కోడలు మళ్లీ చూపించుకుని, భర్త ఫలానా తేదీన చెంప మీద కొట్టాడని తన నోటితో చెబితే అలాగే రాస్తారు, వినికిడి పరీక్ష కాగితం జతచేస్తారు. రక్షణాధికారి అడిగినప్పుడు "అప్పుడు అబద్ధం చెప్పాను" అని మీరు ఒక్క వాక్యం రాసిస్తే దాని విలువ పదిమంది పెద్దల సంతకాల కంటే ఎక్కువ. చెవి మాటొచ్చింది కనక: చిన్న చిరుగైతే చాలావరకు కొన్ని వారాల్లో దానంతటదే పూడుకుంటుంది, తడి తగలకుండా ఉంటే. గోరువెచ్చని నూనె పొయ్యొద్దని మీ వియ్యపురాలికి ఫోను చేసి చెప్పండి. భోగి తలంటు పోసుకునేముందు దూదికి వాజిలిన్ రాసి చెవిలో పెట్టుకోవాలి. ఇన్నాళ్లకీ హోరు తగ్గకపోయినా, చీము కారుతున్నా ఆగకూడదు.

చెరువులో మేతకి తాకట్టు పెట్టిన నగలు కోడలివి. అది స్త్రీధనం. తీసుకుని ఇవ్వకపోవడమూ గృహహింస కిందకే వస్తుంది. పసుపు కుంకుమ కింద పుట్టింటివాళ్లు ఇచ్చిన అరెకరం కౌలు డబ్బు ఎవరి చేతిలో పడుతోందో రాయలేదు. మీవాడి చేతిలోనే అనుకుంటాను. వచ్చే కౌలు నుంచి ఆ అమ్మాయి బ్యాంకు ఖాతాలో పడాలి.

"పిల్లని తెచ్చేసుకుంటే తల్లి దానంతటదే వస్తుంది" అని మీ తోడికోడలు చెప్పిన సలహా పారేయండి. అయిదేళ్లలోపు పిల్ల మామూలుగా తల్లి దగ్గరే అని 1956 నుంచీ హిందూ చట్టంలో ఉంది. చట్టం సంగతి అలా ఉంచండి, నాలుగేళ్ల పిల్లని ఎరగా వెయ్యడానికి మీకు చేతులెలా వస్తాయి?

సంక్రాంతి మాట మరిచిపోండి. పందెం బరులు, గుండాట, మందు, చేతిలో డబ్బు, ఇంటినిండా చుట్టాలు. ఆ మూడు రోజులు మన వైపు ఎవరింట్లోనైనా గొడవకి మంచి ముహూర్తం. అప్పుడా తెస్తానంటున్నారు?

కొడుకుతో మాట్లాడేది పొద్దున, తాగనప్పుడు. ఒంటరిగా వద్దు, కంచం విసిరినవాడు. మీ తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకోండి. ఏడవకండి, ఒట్లు వేయించుకోకండి, చనిపోయిన తండ్రిని మధ్యలోకి లాగకండి. షెడ్డులో పడుకో, నగలు విడిపించు, ఈసారి చెయ్యెత్తితే 112కి ఫోను చేసేది నేనే: ఈ మూడూ చెప్పి లేచిపోండి. అరిస్తే బయటికొచ్చెయ్యండి. తల్లి కూడా ఇదే గృహహింస చట్టం కింద కొడుకు మీద దరఖాస్తు పెట్టుకోవచ్చు. పోషణ ఎగ్గొడితే 2007 తల్లిదండ్రుల పోషణ చట్టం కింద ఆర్డీవో దగ్గరికి వెళ్లడానికి తల్లికి అరవై నిండనక్కర్లేదు.

అది అయ్యాకే ఏరు దాటండి. పెద్దలు వద్దు, కొడుకు వద్దు. నరసాపురం రేవులో ఏరు దాటించే పంటు ఎక్కి మీరొక్కరే వెళ్లండి. తాకట్టు రశీదుల జిరాక్సులు, కోడలి ఆధార్, బ్యాంకు పుస్తకం, పిల్ల అంగన్‌వాడీ కార్డు, టీకాల కార్డు, బీరువాలో మిగిలిన చీరలు ఓ సంచిలో పెట్టుకోండి. ఎప్పుడొస్తావని అడగొద్దు. ఆసుపత్రిలో అబద్ధం చెప్పానని చెప్పండి. ఆ అమ్మాయి లోపలి గదిలోంచి బయటికి రాకపోతే వియ్యపురాలి చేతికి సంచి ఇచ్చి, చీకటి పడకముందే పంటు అందుకోండి.