కెప్టెన్ జవాబులు: పక్క టేబుల్‌కి ముందెందుకు వచ్చింది?

(హైదరాబాద్ హోటళ్లలో క్లీనర్‌గా చేరి, ఇరవై ఏడేళ్ల తర్వాత, సర్వర్లని చూసుకునే కెప్టెన్‌గా పని మానేసిన మనిషిని. మీ ప్రశ్నలకి నాకు తెలిసింది చెప్తాను.)

ప్రశ్న: మొన్న ఆదివారం మధ్యాహ్నం నలుగురం రెస్టారెంటుకి వెళ్లి నాన్, పనీర్ కర్రీ, తందూరీ చికెన్ చెప్పాం. మా తర్వాత పావుగంటకి వచ్చిన పక్క టేబుల్ వాళ్లకి బిర్యానీ ముందే వచ్చేసింది. తెలిసినవాళ్లనా, టిప్పు బాగా ఇస్తారనా?
- ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: అమ్మా, ఈ మాట నేను కొన్ని వందల సార్లు పడ్డాను. మీ ఆర్డర్ కేవోటీ (కిచెన్ ఆర్డర్ టికెట్) అనే చీటీగా కిచెన్‌లోకి వెళ్తుంది. అక్కడ తందూర్ వేరు, కర్రీ వేరు, చైనీస్ వేరు, బిర్యానీ వేరు. ఎవరి చీటీల వరస వాళ్లది. పక్కవాళ్ల బిర్యానీ వాళ్లు ఇంట్లో బయల్దేరకముందే దమ్ అయిపోయి ఉంటుంది. మాస్టర్ సాసర్ తీసుకుని హండీ అంచు వెంట కిందికి దించి, తెల్ల మెతుకు, పసుపు మెతుకు, ముక్క, అడుగు మసాలా ఒకే పట్టులో వచ్చేలా తీసి ప్లేట్లో పెడతాడు. అర నిమిషం పని. మీ చికెన్ అలా కాదు కదా, నిప్పుల మీద కాలాలి. తొందరపెడితే ఎముక దగ్గర పచ్చిగా ఉంటుంది, అప్పుడూ తిట్లు మాకే.

ఇంకోటి. మీ కర్రీ ముందే రెడీ అయినా నాన్ వచ్చేదాకా పికప్ కౌంటర్ మీదే ఆపేవాళ్లం. కర్రీ ఒక్కటే తెచ్చి పెడితే 'దీన్ని చూస్తూ కూర్చోవాలా?' అని అడిగేది మీరే.

బిర్యానీలో కారం తగ్గించమనే వాళ్లూ ఉంటారు. అందరికీ కలిపి దమ్ పెట్టిన హండీలో ఒక్క ప్లేటుకి కారం ఎలా తగ్గుతుంది? 'సరే సార్' అని లోపలికెళ్లి, ఇంకో గిన్నె రైతా ఎక్కువ పట్టుకొచ్చేవాణ్ణి. 'ఇప్పుడు బాగుంది' అనేవారు!

అలాగని మావాళ్ల తప్పే ఉండదనను. చీటీ వేయడం మర్చిపోయి 'ఐదు నిమిషాలు సార్' అని తప్పించుకు తిరిగిన రోజులు నాకూ ఉన్నాయి. అరగంట దాటితే గొడవపడకుండా 'మా కేవోటీ ఎన్నింటికి పడింది?' అని అడగండి. చీటీ మీద టైమ్ ఉంటుంది. ఆ ప్రశ్న వినగానే ఎవడైనా కిచెన్‌లోకి పరిగెత్తాల్సిందే.

ప్రశ్న: బిల్లులో పది శాతం సర్వీస్ చార్జి వేశారు. ప్రభుత్వ పన్నే కదా అని కట్టేశాను. టిప్పు మాత్రం ఇవ్వలేదు. తప్పు చేశానా?
- ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: అది పన్ను కాదు సార్. పన్నంటే జీఎస్‌టీ. మామూలు రెస్టారెంట్లో 5 శాతం, బిల్లులో 2.5 చొప్పున రెండు లైన్లు. సర్వీస్ చార్జి యాజమాన్యం వేసుకునేది. దాన్ని బిల్లులో దానంతటదే కలిపేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలిచ్చింది. హోటళ్ల సంఘాలు కోర్టుకెళ్తే, 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలనే సమర్థించింది. తీసేయమనండి. తీయకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.

ఆ డబ్బు సర్వర్‌కి చేరుతుందా అంటే, నేను చేసిన ఒక చోట నెలాఖరున పంచేవారు, పగిలిన గ్లాసుల లెక్క కోసుకున్నాక. ఇంకో చోట ఎనిమిది నెలలు చేసి ఒక్క రూపాయి చూడలేదు. టిప్పు మీ ఇష్టం, ఇవ్వకపోయినా తప్పు లేదు. కానీ బిల్లు ఫోల్డర్లో పెట్టిన నోటు సర్వర్ ఒక్కడి జేబులోకే పోతుందనుకోకండి. మేం డబ్బాలో వేసి రాత్రి షట్టర్ దించాక పంచుకునేవాళ్లం. గిన్నెలు కడిగే ఆవిడకీ వాటా ఉండేది.

ప్రశ్న: 20 రూపాయల నీళ్ల బాటిల్‌కి 40 వేశారు. ఎమ్మార్పీ దాటితే నేరం కదా?
- ఒక పాఠకుడు, అమీర్‌పేట

జవాబు: కిరాణా కొట్లో అయితే మీ మాటే నిజం తమ్ముడూ. కూర్చోబెట్టి వడ్డించే హోటళ్లకి, రెస్టారెంట్లకి ఆ నిబంధన వర్తించదని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. సర్వర్ 'బాటిలా, నార్మలా?' అంటే 'నార్మల్' అనండి. అడక్కుండానే మూత తిప్పబోతే చెయ్యి అడ్డం పెట్టండి.