సాగే జెల్ తేమ సెన్సర్: ఎండిపోవడం కాదు, సాగడమే అసలు తంటా

"సాగే హైడ్రోజెల్‌తో చేసిన తేమ సెన్సర్ కొన్నాళ్లకు ఎండిపోదా?" అన్నది మీ ప్రశ్న. హైడ్రోజెల్ అంటే నీటిని పట్టి ఉంచుకునే మెత్తటి పదార్థం. గాలిలో తేమ పెరిగితే అది నీరు పీల్చుకుంటుంది, దాని విద్యుత్ నిరోధం తగ్గుతుంది; సెన్సర్ కొలిచేది ఆ మార్పునే. లిథియం క్లోరైడ్ ద్రావణంలో నానబెట్టి తీస్తే పూర్తిగా ఎండదు. ఆ ఉప్పుకు నీటి దాహం ఎంతంటే, 25 డిగ్రీల దగ్గర దాని సంతృప్త ద్రావణం మూతపెట్టిన డబ్బాలోని తేమను 11 శాతానికి దించేస్తుంది. మనుషులు మసిలే గదుల్లో అంత పొడిగాలి అరుదు కాబట్టి జెల్‌లో ఎప్పుడూ కాసిన్ని నీళ్లు ఉంటాయి. మీరు బెంగపడాల్సింది ఇంకొకటి ఉంది.

నేను మూడేళ్లు ఈ జెల్‌లతో కుస్తీ పట్టాను. మొదటి నెలంతా మామూలు మల్టీమీటరుతో నిరోధం కొలిచాను. అంకె ఒకచోట నిలిచేది కాదు, చూస్తుండగానే పైకి పాకేది. జెల్ చెడిందనుకుని ఆరుసార్లు మళ్లీ పోశాను. తీరా చూస్తే జెల్‌కు ఏ రోగమూ లేదు. అందులో విద్యుత్తును మోసేవి అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న కణాలు. మల్టీమీటరు ఇచ్చేది డీసీ, అంటే ఒకే దిశలో పారే కరెంటు. అది ఇస్తే అయాన్లు ఎలక్ట్రోడ్ల దగ్గరకు చేరి గుమిగూడతాయి. అటూ ఇటూ దిశ మారే ఏసీ కరెంటుతో కొలవాలి. ఈ ఒక్క ముక్క ఏ పుస్తకమూ మొదటి పేజీలో ఎందుకు చెప్పదో!

అసలు కథ ఆ తర్వాతది. పాలీఅక్రిలమైడ్ అనే పాలిమర్ జెల్ పట్టీ ఒకటి గుడ్డ మాస్కుకు అంటించి, పెట్టుకుని ఊపిరి పీల్చి వదిలాను. తెర మీద అలలు, ఒక్కో శ్వాసకు ఒక్కో అల, గీత గీసినట్టు. మా గైడ్ వచ్చి చూసి భుజం తట్టారు. నేను నేల మీద లేను. అప్పుడు వెనక నుంచి మా జూనియర్ అమ్మాయి, "అన్నా, ఊపిరి వదిలినప్పుడు తేమ పెరిగి నిరోధం తగ్గాలి కదా, ఇక్కడ పెరుగుతోందేమిటి?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ సాయంత్రం పట్టీని గాలి చొరబడకుండా పలచటి ప్లాస్టిక్ పొరలో చుట్టి మళ్లీ పెట్టుకున్నాను. అలలు చెక్కుచెదరలేదు! ఊపిరి వదిలినప్పుడల్లా మాస్కు ఉబ్బుతోంది, దాంతో పట్టీ సాగుతోంది. నేను కొలిచింది తేమను కాదు, గుడ్డ ఉబ్బును.

లెక్క చిన్నదే. పట్టీని రెట్టింపు పొడవుకు లాగితే అడ్డుకోత వైశాల్యం సగమవుతుంది, నిరోధం నాలుగింతలవుతుంది. 10 శాతం సాగినా నిరోధం 21 శాతం పెరుగుతుంది. అందుకే పది రెట్లు సాగదీసిన జెల్ ఫొటో వేసి "అద్భుతమైన తేమ సెన్సర్" అని ఎవరైనా రాస్తే నాకు ఒళ్లు మండుతుంది. సాగినప్పుడు అంకె ఎంత మారిందో చెప్పరేం? ఇంకొందరు పొగమంచు చిమ్మే యంత్రం ముందు పెట్టి చూపిస్తారు. అది తేమ కాదు, నీటి తుంపర. సెన్సర్‌ను సరిచూడాలంటే మూతపెట్టిన డబ్బాల్లో సంతృప్త ఉప్పు ద్రావణాలు పెట్టుకోవాలి: ఒక్కో ఉప్పు డబ్బాలోని గాలి తేమను ఒక్కో స్థాయిలో నిలుపుతుంది, మెగ్నీషియం క్లోరైడ్ పైన 33 శాతం, మామూలు ఉప్పు పైన 75 శాతం, పొటాషియం సల్ఫేట్ పైన 97 శాతం. ఒక్కో డబ్బాలో గంటల తరబడి కాచుకుని కూర్చోవాలి. ఆ ఓపిక ఎవరికీ లేదు.

తమాషా ఏమిటంటే, 1783 నాటికే సొస్యూర్ అనే స్విస్ శాస్త్రవేత్త మనిషి వెంట్రుకతో తేమ కొలిచాడు. తేమకు వెంట్రుక సాగుతుంది, ఆ సాగుడే ఆయనకు కొలత. మనకు అదే తలనొప్పి.

నాకు పనిచేసిన ఉపాయం ఒకటే. ఒకే అచ్చులో పోసిన రెండు పట్టీలు పక్కపక్కన పెట్టండి. ఒకటి గాలికి తెరిచి ఉంచండి, రెండోదాన్ని సాగే పొరతో పూర్తిగా మూసేయండి. మూసినది సాగుడుకూ వేడికీ మాత్రమే స్పందిస్తుంది. రెండింటి నిష్పత్తి తీసుకుంటే చాలావరకు తేమ మిగులుతుంది. జెల్‌ను వీలైనంత పలచగా పోయండి. మందం రెట్టింపైతే నీరు లోపలికి ఇంకడానికి దాదాపు నాలుగింతల సమయం పడుతుంది, ఈలోపు నాలుగు శ్వాసలు అయిపోతాయి.

అలా చేశాక నా అలలు మునుపటి కన్నా బాగా చిన్నవయ్యాయి, అంచులు కూడా గరుకుగానే వచ్చాయి. అయితే ఊపిరి వదిలినప్పుడు కిందికే దిగాయి. ఆ గ్రాఫును ముందుగా ఆ అమ్మాయికే చూపించాను.