లాగిన్ పేజీ పోయినా టెస్ట్ పాస్!

ప్రశ్న: మధురవాడలో ఒక చిన్న ఆఫీసులో టెస్టింగ్ చూస్తుంటాను. మా సైట్ చెక్ చేయడానికి బాష్ (మనం కొట్టిన కమాండ్లు నడిపే ప్రోగ్రామ్) స్క్రిప్ట్ రాసి 'టెస్ట్' అని పేరు పెట్టి, పాత్‌లో (కమాండ్ల కోసం వరసగా వెతికే ఫోల్డర్ల జాబితాలో) అన్నిటికన్నా ముందుండే ఫోల్డర్‌లో వేశాను. బిల్డ్‌లో 'టెస్ట్ లాగిన్' అని నడిపితే ఎప్పుడూ పాసే. మొన్న లాగిన్ పేజీ అసలు తెరుచుకోకపోయినా పాసే! ఎందుకిలా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీ స్క్రిప్ట్ అసలు రన్ అవడమే లేదండీ. టెస్ట్ అనేది బాష్‌లో ముందే ఉన్న కమాండ్. జగదాంబ సెంటర్‌లో నిలబడి 'అప్పలరాజూ' అని కేకేస్తే మీవాడే పలకాలని ఏముంది? పేరు కొట్టగానే బాష్ ముందు ఏలియాస్‌లు (కమాండ్లకి మనం పెట్టుకున్న మారుపేర్లు), తర్వాత ఫంక్షన్లు, ఆ తర్వాత తన సొంత కమాండ్లు చూసుకుని, అక్కడెక్కడా దొరక్కపోతేనే పాత్ దాకా వస్తుంది, కాబట్టి మీ ఫోల్డర్ ఎంత ముందున్నా లాభం లేదు.

పాస్ ఎందుకంటారా? ఆ కమాండ్‌కి ఒకే ఒక్క మాట ఇస్తే, అది ఖాళీ కాకపోతే చాలు, నిజమే అనేసి 0 ఇస్తుంది, అంటే పాస్. 'టెస్ట్ చేపలపులుసు' అని కొట్టి, వెంటనే, అంతకుముందు కమాండ్ ఫలితం చూపించే ఎకో, డాలర్, ప్రశ్నార్థకం కొట్టి చూడండి, 0 వస్తుంది. ఏ మాటా ఇవ్వకపోతే 1, అంటే ఫెయిల్. ఎర్రర్ మెసేజ్ ఒక్కటీ రాదు, అదే అసలు ప్రమాదం.

'టైప్ మైనస్ ఏ టెస్ట్' అని కొడితే ఆ పేరుతో ఎవరెవరున్నారో వరసగా చూపిస్తుంది. స్క్రిప్ట్ ఉన్న ఫోల్డర్‌లోకి వెళ్లి, పేరుకి ముందు చుక్క, స్లాష్ పెట్టి నడిపితే మీదే రన్ అవుతుంది గానీ, ఎవరో ఒకరు మర్చిపోతారు. పేరు మార్చేయండి, ప్రాజెక్ట్ పేరు ముందు తగిలించి.

విండోస్‌లోనూ ఇదే గోల. ఫొటోలు మార్చే ప్రోగ్రామ్ ఇమేజ్‌మ్యాజిక్‌లోని 'కన్వర్ట్' అనుకుని ఫొటో సైజు మారుద్దామంటే సిస్టమ్‌లోని కన్వర్ట్ పలుకుతుంది, దాని పని డ్రైవ్‌ని ఎన్‌టీఎఫ్‌ఎస్‌కి (విండోస్ ఫైళ్లు దాచుకునే పద్ధతికి) మార్చడం! ఇమేజ్‌మ్యాజిక్ 7లో 'మ్యాజిక్' అని వాడొచ్చు, ఆ తలనొప్పి ఉండదు.

టెస్టు కోసం కావాలనే 'కర్ల్' (సర్వర్‌తో మాట్లాడే కమాండ్) లాంటి దానికి డమ్మీ పెట్టాలంటే మాత్రం అదే పేరుండాలి. తాత్కాలిక ఫోల్డర్‌లో పెట్టి, ఆ ఒక్క టెస్టు వరకే పాత్‌లో ముందుకు తెండి, బాష్ తెరిచినప్పుడల్లా చదివే బాష్‌ఆర్‌సీ ఫైల్‌లో రాసేయకండి. స్క్రిప్ట్‌లో ఎవరైనా కర్ల్‌కి పూర్తి పాత్ రాసి ఉంటే డమ్మీని పట్టించుకోకుండా నేరుగా అసలు సర్వర్‌కే వెళ్లిపోతుంది, ముందు అది వెతకండి.