మాలిక్-ఎ-మైదాన్ ఫిరంగి మీద తేదీ 1578 ఎందుకు వస్తోంది?

ఫిరంగి మీద చెక్కి ఉన్న హిజ్రీ (ఇస్లామిక్ క్యాలెండర్) సంవత్సరం 956కి మీరు నేరుగా 622 (హిజ్రీ శకం మొదలైన క్రీ.శ. ఏడాది) కలిపేశారు, తేడా అక్కడే వచ్చింది. 956కి 622 కలిపితే 1578. అలా చూస్తే 1565లో తళ్ళికోట యుద్ధం నాటికి ఈ బీజాపూర్ ఫిరంగి పుట్టనే లేదు! ఆ యుద్ధంలో పేలింది ఇదేనా అన్న మీ అనుమానం న్యాయమే.

1. హిజ్రీ ఏడాది చాంద్రమానం. మనం వాడే క్యాలెండర్ కన్నా సుమారు 11 రోజులు తక్కువ. కాబట్టి ముందు 0.97తో గుణించాలి, ఆ తర్వాతే 622 కలపాలి. అందరూ మర్చిపోయేది ఈ గుణకారమే. నేనూ మొదట్లో ఇలాగే బోల్తా పడ్డాను.

2. 956 × 0.97 = 927. దానికి 622 కలిపితే 1549. అహ్మద్‌నగర్‌లో రూమీ అనే నిపుణుడు ఈ కంచు ఫిరంగిని పోత పోసిన ఏడాది అదే. సింహం కోరల మధ్య ఏనుగు నలుగుతున్నట్టున్న ఆ మూతి కూడా అప్పటిదే.

3. ఫిరంగి మీదే హిజ్రీ 1097 అని ఉన్న ఇంకో శాసనం ఔరంగజేబుది. లెక్క కడితే 1686. బీజాపూర్‌ను గెలిచాక వేయించుకున్నాడు, దాన్ని తయారీ తేదీగా తీసుకోకండి.

ఈ లెక్కలో ఒక ఏడాది అటూ ఇటూ కావచ్చు. తళ్ళికోటలో విజయనగర రామరాయల సేన మీద పేలింది ఇదేనన్న మాటకు తేదీ మాత్రం ఇక అడ్డు రాదు.