సీటీ నార్మల్ అన్నారు, మనిషి మాత్రం నార్మల్‌గా లేడు: దీని మీద రీసెర్చ్ చేస్తానంటున్న అమ్మాయి గురించి

కేఆర్ పురం నుంచి ఒక అమ్మ రాశారు. సొంతూరు మదనపల్లె, చాలా ఏళ్ళుగా బెంగళూరులోనే ఉంటున్నారు, అమ్మాయి సెకండ్ పీయూ (మన ఇంటర్ సెకండియర్), పీసీఎంబీ, అంటే ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, బయాలజీ. పోయినేడు ఆవిడ తమ్ముడు సిల్క్ బోర్డ్ దగ్గర బైక్ మీంచి పడ్డాడు, తలకి దెబ్బ, హెల్మెట్ ఉంది, సీటీ స్కాన్ నార్మల్, సాయంత్రానికే ఇంటికి పంపేశారు. ఆ తర్వాత నెలల తరబడి తలనొప్పి, ట్యూబ్‌లైట్ వెలుతురు పడదు, ఆఫీసులో పొద్దున చెప్పింది మధ్యాహ్నానికి గుర్తుండదు, ఇంట్లోవాళ్ళేమో రిపోర్ట్ బానే ఉంది కదా, పని ఎగ్గొట్టడానికి సాకులు అన్నారంట. ఇదంతా చూసిన అమ్మాయి "మామయ్యకి వచ్చినదాని మీదే రీసెర్చ్ చేస్తా" అని పట్టు పట్టింది. వాళ్ళ నాన్నగారు మాత్రం నీట్ రాయాల్సిందే, సీటు రాకపోతే విజయవాడలో లాంగ్ టర్మ్ కోచింగ్ అంటున్నారు. డాక్టరే మైల్డ్ తలదెబ్బ అని రాశాక దాని మీద రీసెర్చ్ ఏముంటుందండీ, అది తిండి పెడుతుందా అని ఆవిడ అడుగుతున్నారు.

చాలా ఉంటుందండీ. ఆ మైల్డ్ అనేది దెబ్బ తగిలిన రోజు క్యాజువాలిటీలో వేసే లెక్క. కళ్ళు తెరుస్తున్నాడా, మాట్లాడుతున్నాడా, చెప్పింది చేస్తున్నాడా అని చూసి గ్లాస్గో స్కోరు వేస్తారు, 15కి 13 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే మైల్డ్ కింద రాస్తారు. మూడు నెలల తర్వాత మనిషి ఎలా ఉంటాడో ఆ నంబర్ చెప్పదు. సీటీ కూడా అంతే, రక్తం గడ్డ, ఎముక విరగడం లాంటివి బాగా పట్టిస్తుంది, కుదుపుకి లోపల సన్నటి నరాల పోగులు సాగి దెబ్బతింటే చాలాసార్లు అందులో ఏమీ కనిపించదు. అంటే మీ తమ్ముడు నాటకం ఆడలేదు, ఈ మాట ఇంట్లో అందరికీ వినపడేలా చెప్పండి. ఇప్పటికీ తగ్గకపోతే న్యూరాలజిస్ట్‌కి చూపించండి, రీసెర్చ్ సంగతి తర్వాత.

నాన్నగారికి క్రికెట్ ఇష్టమైతే 2020 డిసెంబర్‌లో కాన్‌బెర్రా టీ20 గుర్తు చేయండి. స్టార్క్ బంతి జడేజా హెల్మెట్‌కి తగిలింది, ఆయన బ్యాటింగ్ అయితే పూర్తి చేశాడు కానీ ఫీల్డింగ్‌కి రాలేదు, బదులు చాహల్ దిగి మూడు వికెట్లు తీసి మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ కొట్టేశాడు. నిలబడి ఆడిన మనిషిని కూడా పక్కన కూర్చోబెట్టారంటే ఆ దెబ్బని ఎంత సీరియస్‌గా తీసుకుంటున్నారో చూడండి (తలకి దెబ్బ తగిలినవాడి బదులు ఇంకొకరు దిగి ఆడొచ్చనే రూల్ ఐసీసీ 2019లో పెట్టింది, మన రోడ్ల మీద పడ్డోడికి అలాంటి రూలేం లేదు, మర్నాడే ఆఫీస్).

రీసెర్చ్ ఎక్కడిదాకా వచ్చిందంటే, 2018లో అమెరికాలో మందులకి, పరీక్షలకి అనుమతిచ్చే ఎఫ్‌డీఏ మొదటిసారి ఈ తలదెబ్బకి ఒక రక్తపరీక్షని ఒప్పుకుంది, జీఎఫ్‌ఏపీ, యూసీహెచ్-ఎల్1 అని రెండు ప్రొటీన్లు చూస్తారు. 2021లో అబాట్ కంపెనీ చిన్న చేతి మెషిన్‌కి ప్లాస్మాతో చేసే టెస్ట్ వచ్చింది, 2024లో ప్లాస్మా విడదీసే పని కూడా లేకుండా నేరుగా రక్తంతోనే పావుగంటలో తేలిపోయేది వచ్చింది. వినడానికి భలే ఉంది కానీ అది ముఖ్యంగా తేల్చేది ఈయనకి సీటీ అవసరమా కాదా అనే. మీ తమ్ముడిలాంటి వాళ్ళలో ఎవరు వారంలో లేచి తిరుగుతారు, ఎవరు నెలల తరబడి బాధపడతారు అన్నది ముందే నమ్మకంగా చెప్పే పరీక్ష ఇంకా లేదు. 2025లో మైల్డ్, మోడరేట్, సివియర్ అనే ఈ పాత లెక్కనే మార్చాలని, స్కోరుతో పాటు రక్తపరీక్ష, స్కాన్, మనిషి పరిస్థితులు అన్నీ కలిపి చూడాలని కొత్త పద్ధతి ప్రతిపాదించారు.

ట్రీట్‌మెంట్ ఇంకా వెనకబడి ఉంది. ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ మీద ఎన్నో ఆశలు పెట్టుకుని, మైల్డ్ కాదు పెద్ద దెబ్బల వాళ్ళకే రెండు పెద్ద ట్రయల్స్ చేస్తే 2014లో రెండూ ఫెయిల్. మందు లేదు కానీ సలహా మారింది, ఒకప్పుడు చీకటి గదిలో కదలకుండా పడుకోమనేవాళ్ళు, ఇప్పుడు ఒకటి రెండు రోజులు తగ్గి ఉండి తర్వాత లక్షణాలు బాగా పెరగనంత వరకు మెల్లగా నడక మొదలుపెట్టమంటున్నారు, బఫెలో యూనివర్సిటీలో జాన్ లెడ్డీ వాళ్ళు ట్రెడ్‌మిల్ మీద నడిపించి చూసి తేల్చిన వాటిలో ఇదొకటి.

ఇక అమ్మాయి సంగతి. పేషెంట్‌ని తనే చూడాలి, మందు తనే రాయాలి అనుకుంటే ఎంబీబీఎస్ తప్పదు, నీట్ రాయాలి, అందులో డౌట్ లేదు. కొలవడం ఇష్టమైతే, అంటే స్కాన్, సెన్సార్, డేటా, అప్పుడు ఇంజినీరింగ్ దారి. ఐఐటీ మద్రాస్‌లో మెడికల్ సైన్సెస్ అండ్ ఇంజినీరింగ్ అని నాలుగేళ్ళ బీఎస్ ఉంది, ఐసర్ (కేంద్ర ప్రభుత్వ సైన్స్ కాలేజీలు) ఆప్టిట్యూడ్ టెస్ట్ మీద సీటు, చెన్నై మనకి ఓవర్‌నైట్ బస్సు దూరం. రక్తంలో ప్రొటీన్ల వైపు మనసుంటే బయోకెమిస్ట్రీ, ఆ తర్వాత పీహెచ్‌డీకి నిమ్హాన్స్ (మెదడు, మానసిక వ్యాధుల ఆసుపత్రి, రీసెర్చ్ సంస్థ), ఐఐఎస్‌సీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) రెండూ ఊళ్ళోనే ఉన్నాయి. ఏదైనా సరే మ్యాథ్స్ వదలనివ్వకండి, నీట్ కోసమని పీసీఎంబీలో మ్యాథ్స్‌ని గాలికొదిలేసే పిల్లలు చాలామంది కనపడుతుంటారు, తర్వాత స్టాటిస్టిక్స్ దగ్గర ఏడుస్తారు.

నన్నడిగితే మాత్రం ఎవరూ పెద్దగా చెప్పని దారి ఇంకోటుంది, డిశ్చార్జ్ అయిన తర్వాత పేషెంట్ ఏమయ్యాడో వెంటపడి కనుక్కునే పని. సైకాలజీ, న్యూరోసైకాలజీ, పబ్లిక్ హెల్త్ వాళ్ళు చేసేది. రివర్‌మీడ్ అని ఒక ప్రశ్నల కాగితం ఉంటుంది, పదహారు లక్షణాలు, తలనొప్పి, తల తిరగడం, వెలుతురు పడకపోవడం, మతిమరుపు, చిరాకు, ఒక్కోదానికీ దెబ్బకి ముందుతో పోలిస్తే ఇప్పుడెంత అని సున్నా నుంచి నాలుగు దాకా మార్కు వేయాలి. చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. ఫోన్ చేస్తే తెలుస్తుంది కష్టం, ఒకరి నంబర్ స్విచాఫ్, ఒకరు హిందూపురం వెళ్ళిపోయారు, ఒకాయన భార్య ఫోనెత్తి "బానే ఉన్నాడమ్మా, కోపమే ఎక్కువైంది" అంటుంది, ఆ కోపం కూడా ఆ పదహారులో ఒకటని ఆవిడకి తెలీదు. అనంతపురం, చిత్తూరు, కడప నుంచి నిమ్హాన్స్‌కి వచ్చేవాళ్ళెంతమందో మీకు తెలిసిందే, వాళ్ళతో వాళ్ళ యాసలో మాట్లాడి నిజం రాబట్టే మనిషి ఉంటే ఆ స్టడీ విలువే వేరు. ఎంత ఖరీదైన రక్తపరీక్ష కనిపెట్టినా అది నిజమో కాదో తేల్చేది చివరికి ఈ ఫోన్ కాల్సే. క్లినికల్ సైకాలజీ కోర్సుల రూల్స్ మారుతున్నాయి కాబట్టి డిగ్రీలో చేర్చే ముందు ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) గుర్తింపు ఉందో లేదో ఆ ఏడాది లిస్ట్‌లో చూసుకోండి.

తిండి పెడుతుందా అంటే పెడుతుంది, లేటుగా. యూజీసీ నెట్ లాంటి పరీక్ష రాసి జేఆర్‌ఎఫ్ అనే రీసెర్చ్ ఫెలోషిప్ తెచ్చుకుంటే 2023 నుంచి నెలకి 37,000, పైన హెచ్ఆర్‌ఏ, రెండేళ్ళ తర్వాత 42,000. పీహెచ్‌డీ అయ్యేసరికి ఐదారేళ్ళు, అప్పటికి సాఫ్ట్‌వేర్‌లో చేరిన కజిన్ ఫ్లాట్ ఈఎంఐ సగం కట్టేసి ఉంటాడు, పెళ్ళిళ్ళలో పోలికలు వస్తాయి, అది మీరే ఓర్చుకోవాలి.

ముందు ఒక సెలవు రోజు అమ్మాయిని నిమ్హాన్స్ బ్రెయిన్ మ్యూజియంకి తీసుకెళ్ళండి, టైమింగ్స్ ముందే ఫోన్ చేసి కనుక్కోండి. నిజమైన మెదళ్ళు ఉంటాయి, నాన్నగారూ రావాలి. తర్వాత ఆ రివర్‌మీడ్ కాగితం ప్రింట్ తీసి మామయ్యని కూర్చోబెట్టి అమ్మాయినే అడగమనండి, పదహారూ ఓపిగ్గా, మధ్యలో తను సలహాలివ్వకుండా. ఆ గంట తనకి బాగా నచ్చితే ఒక దారి, కాగితం కంటే స్కాన్ ఫిల్మే ఎక్కువసేపు చూస్తుంటే ఇంకో దారి, మామయ్య తలనొప్పికి ఏం మందివ్వాలా అనే ఆలోచిస్తుంటే అప్పుడు నాన్నగారి మాటే కరెక్ట్. నీట్ ఈసారికి ఎలాగూ రాయనివ్వండి, ఐసర్ టెస్ట్ అప్లికేషన్ కూడా వేయించండి. లాంగ్ టర్మ్ మాత్రం తనంతట తను అడిగితేనే.