మత్తు డాక్టర్‌గా ఉంటూ విద్యార్థులకు పాఠాలు చెప్పే జీవితం ఎలా ఉంటుంది?

మెడిసిన్ చదువుతున్నారట, అనస్థీషియా తీసుకుని టీచింగ్‌లో ఉండాలనుందట. "పేషెంట్ నిద్రపోతాడు, డాక్టర్ కూర్చుంటాడు, పేరు సర్జన్‌కి వస్తుంది" అని మిత్రులు భయపెడుతున్నారు, నిజమేనా అని అడిగారు. నేను 17 ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. అందులో 14 ఏళ్లు పక్కన విద్యార్థులు ఉండగానే గడిచాయి.

పేరు సంగతి ముందే తేల్చేద్దాం. రాదు. మిడజోలమ్ అనే మత్తుమందు ఇచ్చాక థియేటర్ బల్ల మీద పడుకుని మనవరాలి కబుర్లన్నీ చెప్పిన పెద్దాయన, మర్నాడు వార్డుకి వెళితే "మీరెవరు బాబూ?" అంటాడు. ఆయన తప్పేం లేదు, ఆ మందే అంత. కొత్త జ్ఞాపకాలను నిలవనివ్వదు. మొదట్లో కాస్త చివుక్కుమనేది, ఇప్పుడు నవ్వొస్తుంది. కూర్చోవడం మాత్రం సగమే నిజం. కేసు సాఫీగా నడుస్తున్నప్పుడు కూర్చుంటాం, చెవులు మాత్రం మానిటర్ మీదే ఉంటాయి.

ఇక పాఠాల విషయం. మిగతా మాస్టార్లకు గంట పీరియడ్. నాకు పేషెంట్ ఊపిరితిత్తుల్లో ఎంత ఆక్సిజన్ ఉంటే అంత. ఈ లెక్క మొదటి రోజే విద్యార్థులతో చేయిస్తాను. ఊపిరి వదిలాక కూడా పెద్దవాళ్ల ఊపిరితిత్తుల్లో సుమారు రెండున్నర లీటర్ల గాలి మిగులుతుంది. అందులో ఆక్సిజన్ ఐదో వంతు కూడా ఉండదు. మాస్క్ బిగుతుగా పెట్టి 3 నిమిషాలు వట్టి ఆక్సిజన్ పీల్పిస్తే ఆ చోటంతా దాదాపు దానితోనే నిండుతుంది. ఒంటికి నిమిషానికి కావలసింది 250 మిల్లీలీటర్లు. అందుకే మత్తిచ్చి ఊపిరి ఆగాక, ఆరోగ్యవంతుడికి 8 నిమిషాల దాకా వ్యవధి దొరుకుతుంది. ముందు ఆక్సిజన్ పట్టకపోతే నిమిషం, కాస్త అటూ ఇటూ. గర్భిణులకు, బాగా లావుగా ఉన్నవాళ్లకు, పసిపిల్లలకు వ్యవధి ఇంకా చాలా తక్కువ. విద్యార్థి లారింగోస్కోప్ (గొంతు లోపలికి చూసే లైటున్న పరికరం) పట్టుకుని, శ్వాసనాళంలోకి ట్యూబ్ వేయడానికి స్వరతంతువులు వెతుక్కోవాల్సింది ఆ సమయంలోనే. వెనక సర్జన్ "ఇంకా ఎంతసేపు?" అంటూనే ఉంటాడు.

నేను చెడగొట్టిన పాఠం ఒకటుంది. చేరిన రెండో ఏడు, ఒక విద్యార్థిని మొదటిసారి ట్యూబ్ వేస్తోంది. చేతులు వణుకుతున్నాయి, అయినా దారి సరిగ్గానే పట్టింది. సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ ఎంత శాతం నిండిందో చెప్పే అంకె) 98 ఉంది. అంటే భయపడాల్సిందేమీ లేదు. భయపడింది నేను. "జరుగు" అని లారింగోస్కోప్ లాక్కున్నాను. నర్సులు, సర్జన్లు అందరూ చూశారు. ట్యూబ్ లోపలికి వెళ్లింది, పేషెంట్ బాగానే ఉన్నాడు. ఆ అమ్మాయి మాత్రం మిగతా పోస్టింగ్ అంతా గోడవారగా నిలబడింది. ఒకటికి రెండుసార్లు పిలిచాను, "పర్లేదు సార్, చూస్తాను" అంది. నా తొందరకి శిక్ష తనకి పడింది.

ఆ తర్వాత ఒక ఒప్పందం పెట్టుకున్నాను. మత్తు ఇవ్వకముందే విద్యార్థికి చెబుతాను: "94 కొచ్చిందంటే లారింగోస్కోప్ నాకిచ్చెయ్, ఎందుకని అడగకు. దానికి పైన ఉన్నంతసేపు నేను ముట్టుకోను." కేసు కష్టంగా ఉంటుందనిపిస్తే ఆరోజు అసలు ఇవ్వను. ముందే అనుకున్న మాట కాబట్టి, తీసుకున్నా ఎవరికీ అవమానం ఉండదు. కానీ ఆ కాసేపు చేతులు కట్టుకుని నిలబడటం ఉంది చూశారూ, ఇన్నేళ్ల సర్వీసులో నాకు అంత కష్టమైన పని ఇంకొకటి తగల్లేదు. సాచురేషన్ పడేకొద్దీ మానిటర్ బీప్ స్వరం కిందికి దిగుతుంది. అంకె చూడకుండానే ఆ దిగడం వినిపించాలి. కళ్లు మూయించి మరీ ఇది వినిపిస్తాను.

ట్యూబ్ కన్నా ముందు నేర్వాల్సింది మాస్క్ పట్టుకోవడం. ఎవరికీ ఇష్టముండదు, అందరూ ట్యూబ్ కోసమే వస్తారు. కొత్తవాళ్లంతా మాస్క్‌ని ముఖానికేసి అదుముతారు. దవడ వెనక్కి జారి, నాలుక గొంతుకి అడ్డం పడుతుంది. గాలి పంపే బ్యాగ్ ఎంత పిసికినా ఛాతీ కదలదు. బొటనవేలు, చూపుడువేలు మాస్క్ మీద ఉంచి, మిగతా మూడు వేళ్లతో దవడ ఎముకని ఎత్తి, ముఖాన్నే మాస్క్‌లోకి తీసుకురావాలి. అది కుదిరిన క్షణంలో బ్యాగ్ మెత్తబడుతుంది, మానిటర్ మీద, ఊపిరితో బయటికొచ్చే కార్బన్ డయాక్సైడ్ గీత పైకి లేస్తుంది. విద్యార్థి భుజాలు కిందికి దిగుతాయి. నా జీతంలో ఇదీ భాగమే అనుకుంటాను.

మా శాఖకి విద్యార్థులతో పాత చుట్టరికం ఉంది. 1952లో కోపెన్‌హాగన్‌లో పోలియో విరుచుకుపడినప్పుడు, ఊపిరి ఆడని రోగులకు గొంతులో ట్యూబ్ పెట్టి చేత్తో బ్యాగ్ పిసుకుతూ గాలి పంపుదామన్నది బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరే. పిసకడానికి సుమారు 1500 మంది విద్యార్థులు షిఫ్టులు వేసుకుని, వారాల తరబడి పడకల పక్కన కూర్చున్నారు. ఇంటెన్సివ్ కేర్ అక్కడి నుంచే మొదలైందంటారు. మాస్క్ పట్టుకోవడం చిన్న పని అన్నవాళ్లకి ఇది చెబుతాను.

ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. నైట్ డ్యూటీ చేసొచ్చి పాఠం చెప్పడం, పరీక్ష పేపర్లు, సిఫారసు ఉత్తరాలు. టీచింగ్‌లో చాలాచోట్ల డబ్బు తక్కువే. తలుపు తట్టి "సార్, ఐదు నిమిషాలు" అన్నవాళ్లు గంటకి గానీ లేవరు. ఫెయిలయ్యామనో, ఈ చదువే వద్దనో వస్తారు. ఒకప్పుడు వెంటనే సలహాలిచ్చేవాణ్ణి. ఇప్పుడు ఇక్కడా చేతులు కట్టుకునే వింటున్నాను. చాలామంది తమ జవాబు తామే చెప్పుకుని వెళ్తారు.

మీరు నిర్ణయం తీసుకునే ముందు ఓ రెండు వారాలు థియేటర్‌లో పేషెంట్ తల వైపు నిలబడండి. మాస్క్ పట్టుకోనివ్వమని అడగండి. ఇస్తే, వేళ్లు దవడ ఎముక మీదే ఉన్నాయో లేదో చూసుకోండి. గడ్డం కింద మెత్తటి చోట నొక్కితే దారి మూసుకుపోతుంది.